గ్రామర్ రాయడం, రాసినది సరిచూడడం: ఫార్మల్ లాంగ్వేజెస్‌కు మార్గదర్శి

జె.ఎన్.టి.యూ. సిలబస్‌లో "ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ" అని ఉండే పేపర్‌ని పిల్లలు ఫ్లాట్ అంటారు. ఇందులో ముఖ్యమైన నిర్వచనాలు కొన్నే. తిప్పలు పెట్టేది వేరే ఉంది: రాసిన గ్రామర్ (స్ట్రింగ్‌లను, అంటే గుర్తుల వరుసలను, పుట్టించే రూల్స్) అడిగిన భాషకు అచ్చంగా సరిపోయిందా? ఒక్క స్ట్రింగ్ ఎక్కువ రాకూడదు, ఒక్కటి తక్కువ కాకూడదు. రూల్స్ రాయడం పది నిమిషాల పని. ఈ మాట తేల్చడమే అసలు పని.

మొదటి మెట్టు: అక్షరమాల తేల్చుకోవడం

అక్షరమాల అంటే కొన్ని గుర్తుల పరిమిత సమితి. ఆ గుర్తుల్ని వరుసగా పేర్చితే వచ్చేది స్ట్రింగ్. కొన్ని స్ట్రింగ్‌లను ఏరి పక్కన పెడితే అదే భాష. ఈ శాస్త్రంలో భాష అంటే ఇంతే, అర్థంతో పని లేదు.

ఇక్కడే ఒక తికమక వస్తుంది. గుర్తులేవీ లేని స్ట్రింగ్‌ని ఖాళీ స్ట్రింగ్ అంటాం, దాని పొడవు 0. స్ట్రింగ్‌లేవీ లేని భాష ఖాళీ భాష. ఖాళీ స్ట్రింగ్ ఒక్కటే ఉన్న భాషలో 1 స్ట్రింగ్ ఉంది, ఖాళీ భాషలో 0. ఈ రెండింటినీ కలిపేస్తే తర్వాత వచ్చే ప్రతి రుజువూ పక్కదారి పడుతుంది. కింది రూల్స్‌లో ఖాళీ స్ట్రింగ్‌ని "ఖాళీ" అనే రాస్తాను.

అక్షరమాలకు మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఛందస్సు. గురువుకు గ, లఘువుకు ల అనుకుంటే రెండే గుర్తులు. 20 గుర్తుల పొడవున్న స్ట్రింగ్‌లు రెండు ఘాతం 20, అంటే 10,48,576. ఉత్పలమాల పాదానికి భ ర న భ భ ర వ గణాలే రావాలి కాబట్టి వాటిలో ఒకే ఒక్కటి పనికొస్తుంది. ఒకే స్ట్రింగ్ ఉన్న భాషకు గ్రామర్ ఎందుకు, ఆ స్ట్రింగే రాసుకుంటే పోయె. తేటగీతి దగ్గరికి వస్తే గ్రామర్ అవసరం తెలుస్తుంది.

రెండో మెట్టు: నాలుగు భాగాలు

గ్రామర్‌కు నాలుగు భాగాలు. చివరికి స్ట్రింగ్‌లో మిగిలే గుర్తులు టెర్మినల్స్. మధ్యలో వచ్చి విడిపోయే పేర్లు నాన్‌టెర్మినల్స్. ఏ పేరు ఎలా విడిపోవచ్చో చెప్పేవి ప్రొడక్షన్ రూల్స్. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది స్టార్ట్ సింబల్. పాఠ్యపుస్తకాలు నాన్‌టెర్మినల్‌కు ఒక్క పెద్దక్షరం వాడతాయి. మీరు మాత్రం అర్థమయ్యే పేరు పెట్టండి. రూల్స్ ఆరు దాటాక ఏ అక్షరం దేనికి పెట్టారో మీకే గుర్తుండదు.

తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నిలువు గీతను "లేదా" అని చదువుకోండి:

పాదం → సూర్య ఇంద్ర ఇంద్ర సూర్య సూర్య
సూర్య → లలల | గల
ఇంద్ర → లలలల | లలలగ | లలగల | గలల | గలగ | గగల

టెర్మినల్స్ గ, ల. నాన్‌టెర్మినల్స్ పాదం, సూర్య, ఇంద్ర. స్టార్ట్ సింబల్ పాదం. "వాన జోరుగా వచ్చింది వనము మీద" అన్న పాదం తీసుకుంటే గురులఘువులు గల, గలగ, గగల, లలల, గల. పాదంతో మొదలుపెట్టి, ఎడమ చివర ఉన్న నాన్‌టెర్మినల్‌నే ప్రతిసారీ విడదీస్తూ పోవాలి:

పాదం
⇒ సూర్య ఇంద్ర ఇంద్ర సూర్య సూర్య
⇒ గల ఇంద్ర ఇంద్ర సూర్య సూర్య
⇒ గల గలగ ఇంద్ర సూర్య సూర్య
⇒ గల గలగ గగల సూర్య సూర్య
⇒ గల గలగ గగల లలల సూర్య
⇒ గల గలగ గగల లలల గల

దీన్ని లెఫ్ట్‌మోస్ట్ డెరివేషన్ అంటారు. ఏది ముందు విడదీశామన్నది వదిలేసి, ఏది దేనిలోంచి వచ్చిందో మాత్రమే గీస్తే పార్స్ ట్రీ అవుతుంది.

ఇప్పుడు వనము బదులు పొలము అని పెట్టండి. అదీ లలలే కాబట్టి గ్రామర్ ఇదీ పాదమే అంటుంది. పద్యం తెలిసినవాళ్లు ఒప్పుకోరు: వా-వ కు యతి కుదిరింది, వా-పొ కు కుదరలేదు. రూల్స్‌లో తప్పేమీ లేదు. అక్షరాల్ని గ, ల గా మార్చినప్పుడే యతికి కావలసిన సమాచారం జారిపోయింది, ఆ తర్వాత ఎన్ని రూల్స్ రాసినా తిరిగి రాదు. కంపైలర్లలోనూ ఇదే జరుగుతుంది. ప్రోగ్రామ్‌ని టోకెన్లనే చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్సర్ ప్రతి వేరియబుల్ పేరునూ "ఐడెంటిఫయర్" అనే ఒకే టోకెన్‌గా మార్చి ఇస్తుంది. ఆ వేరియబుల్‌ని ముందే డిక్లేర్ చేశారా లేదా అన్నది ఆ టోకెన్ల నుంచి ట్రీ కట్టే పార్సర్ గ్రామర్‌కు కనిపించదు, డిక్లేర్ చేసిన పేర్ల పట్టిక అయిన సింబల్ టేబుల్ చూసుకోవాలి. అందుకే రూల్స్ కంటే ముందు అక్షరమాల తేల్చుకోమనేది.

మూడో మెట్టు: లెక్కపెట్టి చూడడం

తేటగీతి గ్రామర్ ఎన్ని స్ట్రింగ్‌లు ఇస్తుంది? లెఫ్ట్‌మోస్ట్ డెరివేషన్లు 2 × 6 × 6 × 2 × 2 = 288. స్ట్రింగ్‌లూ అన్నే అనేముందు ఒకటి చూసుకోవాలి: ఇలాంటి రెండు వేర్వేరు డెరివేషన్లు ఒకే స్ట్రింగ్ ఇవ్వొచ్చా? ఆరు ఇంద్రగణాల్లో ఏదీ మరోదానికి మొదటి ముక్క కాదు. రెండు సూర్యగణాల్లోనూ అంతే. గణాల వరుస ముందే తెలుసు కాబట్టి, ఎడమనుంచి చదువుతూ వస్తే ప్రతి గణం ఎక్కడ ముగుస్తుందో అనుమానం లేకుండా తెలుస్తుంది. కాబట్టి 288 స్ట్రింగ్‌లూ వేర్వేరే.

దీనికి ఆటవెలది బేసి పాదాన్ని కలపండి: మూడు సూర్యగణాలు, ఆపై రెండు ఇంద్రగణాలు. "పద్యపాదం → తేటగీతి | ఆటవెలది" అని రాయగానే చిక్కొస్తుంది. వరుసగా 17 లఘువులు వస్తే 3+4+4+3+3 గానూ విరగ్గొట్టొచ్చు, 3+3+3+4+4 గానూ విరగ్గొట్టొచ్చు. ఒకే స్ట్రింగ్‌కు రెండు పార్స్ ట్రీలు ఉంటే ఆ గ్రామర్‌ని ఆంబిగ్యుయస్ అంటారు. విడివిడిగా ఏ దోషమూ లేని రెండు గ్రామర్లను కలిపితే దోషం పుట్టింది.

నాలుగో మెట్టు: అనంతమైన భాషలకు రికర్షన్

పరిమిత భాషకు జాబితా చాలు. గ్రామర్ సత్తా తెలిసేది ఒక పేరు తన రూల్‌లోనే మళ్లీ వచ్చినప్పుడు. 0లు ఎన్నో వాటి తర్వాత 1లు అన్నే ఉండే భాష:

జత → 0 జత 1 | ఖాళీ

రెండు చివర్లా ఒక్కొక్కటి ఒకేసారి పుడుతున్నాయి కాబట్టి లెక్క తప్పదు. పరిమిత స్టేట్‌లున్న ఆటోమేటన్, అంటే ఒక్కో గుర్తు చదువుతూ కొన్ని స్థితుల (స్టేట్‌ల) మధ్య తిరిగి చివరికి "అవును" లేదా "కాదు" చెప్పే యంత్రం, ఈ పని చేయలేదు. k స్టేట్‌లు ఉన్నాయనుకోండి. 0 గుర్తులు, 1 గుర్తు, 2 గుర్తులు అలా k దాకా వరుస సున్నాలు ఇస్తే k+1 స్ట్రింగ్‌లయ్యాయి, కాబట్టి పొడవులు వేరైన ఏవో రెండు ఒకే స్టేట్‌కు చేరక తప్పదు. రెండింటి వెనకా మొదటిదాని పొడవుకు సరిపడా 1లు చేర్చండి. ఒకదానికి "అవును", మరోదానికి "కాదు" రావాలి. ఒకే స్టేట్ నుంచి ఒకే గుర్తులు చదివిన యంత్రం రెండు జవాబులు ఎలా ఇస్తుంది?

పరీక్షలో ఇదే విషయాన్ని పంపింగ్ లెమ్మాతో చూపమంటారు. ఇలాంటి ఆటోమేటన్ గుర్తించగల భాషను రెగ్యులర్ అంటారు; రెగ్యులర్ భాషలో పంపింగ్ పొడవు p కి తగ్గని ప్రతి స్ట్రింగ్‌నూ, మధ్య ముక్కను ఎన్నిసార్లు తిప్పి రాసినా భాషలోనే ఉండేలా, మూడు ముక్కలు చేయొచ్చని ఆ లెమ్మా చెబుతుంది. అక్కడ మామూలుగా దొర్లే తప్పులు మూడు. పంపింగ్ పొడవును మీరే 3 అనో 5 అనో అనుకోవడం ఒకటి: అది అవతలివాళ్లు ఇచ్చేది, మీకు అందేది కేవలం ఒక p. స్ట్రింగ్‌ని మీకు నచ్చినట్టు ఒకే విధంగా మూడు ముక్కలు చేయడం రెండోది: ముక్కలు చేసేదీ అవతలివాళ్లే, సాధ్యమైన ప్రతి విభజనకూ మీ దగ్గర జవాబుండాలి. మీ చేతిలో ఉన్నవి స్ట్రింగ్‌ని ఎంచుకోవడం, మధ్య ముక్కను ఎన్నిసార్లు తిప్పాలో చెప్పడం, ఈ రెండే. మూడోది అన్నిటికంటే ప్రమాదం: లెమ్మా షరతులు తీరాయి కాబట్టి భాష రెగ్యులర్ అని తేల్చేయడం. లెమ్మా "రెగ్యులర్ కాదు" అని చెప్పడానికే పనికొస్తుంది. అసలు పైన చూపిన స్టేట్‌ల వాదనే చాలాచోట్ల చిన్నది, తప్పుకు తావు తక్కువ.

ఐదో మెట్టు: రెండు వైపులా రుజువు

ఇప్పుడు అడిగిన భాష ఇది: 0లు, 1లు ఏ వరుసలోనైనా సరే, సమానంగా ఉండాలి. చాలామందికి మొదట తట్టేది:

సమ → 0 సమ 1 | 1 సమ 0 | ఖాళీ

ఖాళీ రూల్ ఏమీ చేర్చదు, మిగతావి ఒక 0, ఒక 1 చేరుస్తాయి కాబట్టి వచ్చిన ప్రతి స్ట్రింగూ సమానమే. సగం రుజువైంది. భాషలోని ప్రతి స్ట్రింగూ వస్తుందా అన్నది మిగిలిన సగం. పొడవు 4 తో లెక్కపెట్టండి. నాలుగు చోట్లలో రెండు 0లు పెట్టే విధాలు 6. ఈ గ్రామర్ ఇచ్చేవి 0011, 0101, 1010, 1100, నాలుగే. 0110, 1001 రావు. రెండు చివర్లూ ఒకటే గుర్తయితే ఈ రూల్స్‌కు దారి లేదు. పొడవు 6 లో 20 రావలసి ఉండగా 8 వస్తాయి. చిన్న పొడవుల దగ్గర ఇలా రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పుడు గ్రామర్ చాలాసార్లు వెంటనే దొరికిపోతుంది. రుజువు మొదలెట్టే ముందు 0, 2, 4, 6 పొడవులకు ఈ పరీక్ష చేయడం అలవాటు చేసుకోండి.

సరైనది:

సమ → 0 సమ 1 సమ | 1 సమ 0 సమ | ఖాళీ

రెండో సగం రుజువు పొడవు మీద ఇండక్షన్. స్ట్రింగ్ 0తో మొదలైందనుకోండి. ఎడమనుంచి నడుస్తూ 0కి ఒకటి కలుపుతూ, 1కి ఒకటి తీసేస్తూ పోతే లెక్క మొదటిసారి సున్నాకు వచ్చే చోటు ఒకటి తప్పకుండా ఉంటుంది. అక్కడున్న గుర్తు 1. మొదటి 0కీ ఆ 1కీ మధ్య భాగం సమానం, ఆ 1 తర్వాత మిగిలింది కూడా సమానం. రెండూ చిన్నవే, కాబట్టి రెండూ సమ నుంచి వస్తాయి. 1తో మొదలైతే ఇదే తిరగేసి.

భాష దొరికింది గానీ గ్రామర్ ఆంబిగ్యుయస్. 0101ని 0 [10] 1 [ఖాళీ] అనీ చీల్చొచ్చు, 0 [ఖాళీ] 1 [01] అనీ చీల్చొచ్చు. పై రుజువులోనే విరుగుడు ఉంది: లెక్క "మొదటిసారి" సున్నాకు వచ్చే చోటే చీల్చాలని బలవంతపెడితే సరి. అంటే మధ్య భాగంలో లెక్క కిందికి దిగకూడదు:

సమ → 0 పైన 1 సమ | 1 కింద 0 సమ | ఖాళీ
పైన → 0 పైన 1 పైన | ఖాళీ
కింద → 1 కింద 0 కింద | ఖాళీ

ఆరో మెట్టు: లెక్కల వాక్యాల గ్రామర్

ప్రోగ్రామింగ్ భాషల గ్రామర్లను ఇలా రూల్స్‌గా రాసే పద్ధతి జాన్ బాకస్ 1959లో ప్రతిపాదించగా, పీటర్ నౌర్ సంపాదకత్వంలో 1960లో వచ్చిన ఆల్గాల్ 60 అనే ప్రోగ్రామింగ్ భాష నివేదికతో స్థిరపడింది. దాన్ని బీఎన్ఎఫ్ (బాకస్-నౌర్ ఫార్మ్) అంటున్నాం. ఇలాంటి పద్ధతి పాణిని సూత్రాల్లో ఎప్పుడో ఉందనీ, పాణిని-బాకస్ ఫార్మ్ అనాలనీ 1967లో ఇంగర్‌మన్ ప్రతిపాదించాడు. పేరు నిలవలేదు. ఇక లెక్కల వాక్యాలకు మొదట తట్టే గ్రామర్ ఇది:

విలువ → విలువ + విలువ | విలువ − విలువ | విలువ × విలువ | ( విలువ ) | సంఖ్య

చూడ్డానికి ముచ్చటగా ఉంది, వాడితే కొంప ముంచుతుంది. 2+3×4కు ఒక ట్రీ 14 ఇస్తుంది, మరోటి 20. 9−4−2కు ఒకటి 3, మరోటి 7. మందు ఏమిటంటే, ప్రాధాన్యం ఎన్ని అంతస్తులో అన్ని నాన్‌టెర్మినల్స్ పెట్టడం, గట్టిగా అంటుకునే ఆపరేటర్‌ని స్టార్ట్‌కు దూరంగా ఉంచడం:

మొత్తం → మొత్తం + లబ్ధం | మొత్తం − లబ్ధం | లబ్ధం
లబ్ధం → లబ్ధం × అంశం | అంశం
అంశం → ( మొత్తం ) | సంఖ్య

మైనస్‌కు కుడివైపు లబ్ధం ఉంది, మొత్తం లేదు. అందుకే 9−4−2 ఎడమవైపే కూడుకుని 3 వస్తుంది. ఘాతం కావాలంటే మాత్రం రికర్షన్ కుడివైపు ఉండాలి.

దీన్ని రికర్సివ్ డిసెంట్ పార్సర్‌గా, అంటే ఒక్కో నాన్‌టెర్మినల్‌కు ఒక్కో ఫంక్షన్‌గా, రాస్తే "మొత్తం" ఫంక్షన్ ఒక్క టోకెనూ చదవకముందే తనను తానే పిలుచుకుంటుంది, స్టాక్ నిండి ప్రోగ్రామ్ కూలుతుంది. లెఫ్ట్ రికర్షన్ (పేరు తన రూల్ మొదట్లోనే మళ్లీ రావడం) తీసేయాలి:

మొత్తం → లబ్ధం తోక
తోక → + లబ్ధం తోక | − లబ్ధం తోక | ఖాళీ

భాష మారలేదు, ట్రీ ఆకారం మారింది. ఇప్పుడు తోక కుడివైపుకు వాలింది. ట్రీని చూసి అమాయకంగా కింది నుంచి లెక్కవేస్తే 9−4−2 మళ్లీ 7 అయి కూర్చుంటుంది. ఇప్పటిదాకా వచ్చిన విలువను తోక ఫంక్షన్‌కు ఆర్గ్యుమెంట్‌గా పంపండి, లేదా తోకను రికర్షన్ మానేసి వైల్ లూప్‌గా రాయండి. చేత్తో రాసే పార్సర్‌కు లూపే మేలు.

ఏ గ్రామర్ ఇచ్చినా ఆంబిగ్యుయస్ అవునో కాదో తేల్చే అల్గారిథమ్ ఉంటే బాగుండేది. అలాంటిది ఉండదని రుజువై ఉంది. మనం చేయగలిగింది, రెండు ట్రీలున్న స్ట్రింగ్ కోసం వెతకడం, లేదా ఈ గ్రామర్‌కు మాత్రం అలాంటిది లేదని విడిగా రుజువు చేయడం.

ఏడో మెట్టు: ఏ అంతస్తులో ఉన్నామో చూడడం

నోమ్ చామ్‌స్కీ 1956లో మొదలుపెట్టిన వర్గీకరణలో నాలుగు అంతస్తులు. రెగ్యులర్ గ్రామర్‌కు పరిమిత స్టేట్‌ల ఆటోమేటన్ చాలు. ఎడమవైపు ఒకే నాన్‌టెర్మినల్ ఉండే కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్‌కు స్టాక్ (చివర పెట్టినదే ముందు తీయగలిగే దొంతర) ఒకటి తోడు కావాలి. కాంటెక్స్ట్ సెన్సిటివ్‌కు ఇన్‌పుట్ పొడవుకు తగ్గ టేప్, చివరి అంతస్తుకు పూర్తి ట్యూరింగ్ మెషీన్, అంటే హద్దులేని టేప్ మీద చదువుతూ రాస్తూ పోయే యంత్రం. 0లు, 1లు, 2లు వరుసగా అన్నన్నే ఉండాలంటే స్టాక్ ఒకటి చాలదు: 1లను 0లతో సరిచూసేసరికి స్టాక్ ఖాళీ అవుతుంది, 2లకు లెక్క మిగలదు. ఏదైనా స్ట్రింగ్‌ని తు.చ. తప్పకుండా రెండుసార్లు రాసిన భాషా అంతే, కాంటెక్స్ట్ ఫ్రీ కాదు. వెనక్కి తిప్పి రాస్తే మాత్రం అవుతుంది.

యతి సంగతి తేలలేదు కదా. అక్షరమాలలో అసలు అక్షరాలనే ఉంచుకుంటే, గుర్తుంచుకోవలసింది మొదటి అక్షరం యతివర్గం ఒక్కటే. వర్గాలు పరిమితం, పాదం పొడవూ పరిమితం. కాబట్టి యతి కలిపినా తేటగీతి రెగ్యులర్ దాటదు. స్టేట్‌లు మాత్రం బాగా పెరుగుతాయి.

ఎనిమిదో మెట్టు: యంత్రానికి అప్పగించడం

స్ట్రింగ్ భాషలో ఉందో లేదో చేత్తో వెతకక్కర్లేదు. గ్రామర్‌ని చామ్‌స్కీ నార్మల్ ఫార్మ్‌కు మార్చితే, అంటే ప్రతి రూల్ కుడివైపూ రెండు నాన్‌టెర్మినల్స్ లేదా ఒక టెర్మినల్ ఉండేట్టు చేస్తే, సీవైకే అల్గారిథమ్ ఒక పట్టిక నింపి చెప్పేస్తుంది. స్ట్రింగ్ పొడవు n అయితే పని n ఘనంగా పెరుగుతుంది.

మార్చేటప్పుడు వరుస ముఖ్యం. కొత్త స్టార్ట్ సింబల్ పెట్టండి, పొడవు రూల్స్‌ను రెండేసి గుర్తులుగా విరగ్గొట్టండి, ఖాళీ రూల్స్ తీసేయండి, తర్వాతే ఒక పేరు నుంచి మరో పేరుకు మాత్రమే వెళ్లే యూనిట్ రూల్స్ తీసేయండి. యూనిట్ రూల్స్ ముందు తీస్తే, ఖాళీ రూల్స్ తీసేటప్పుడు కొత్తవి పుట్టుకొస్తాయి. విరగ్గొట్టకుండా ఖాళీ రూల్స్ తీశారా, ఖాళీ కాగల 20 పేర్లున్న ఒకే రూల్ నుంచి పది లక్షల పైచిలుకు రూల్స్ వచ్చిపడతాయి. పనికిరాని పేర్లు ఏరేటప్పుడు ముందు ఏ స్ట్రింగూ ఇవ్వలేనివి తీసి, తర్వాత స్టార్ట్ నుంచి చేరలేనివి తీయండి. తిరగేస్తే చెత్త మిగులుతుంది.

జత గ్రామర్‌ని, ఖాళీ స్ట్రింగ్ వదిలి, మారిస్తే:

జత → సున్న మిగులు | సున్న ఒకటి
మిగులు → జత ఒకటి
సున్న → 0
ఒకటి → 1

పట్టికలో ఒక్కో గది స్ట్రింగ్‌లోని ఒక్కో వరుస ముక్కది, ఆ ముక్కను ఇవ్వగల పేర్లు అందులో పడతాయి. 0011కు గదులు 4+3+2+1 = 10. పొడవు 1 గదుల్లో సున్న, సున్న, ఒకటి, ఒకటి. పొడవు 2లో మధ్య గదిలో మాత్రమే జత పడుతుంది, అటూ ఇటూ ఖాళీ. పొడవు 3లో మొదటి గది ఖాళీ. రెండోదానిలో "జత ఒకటి" కుదిరి మిగులు. పొడవు 4లో "సున్న మిగులు" కుదిరి జత. స్టార్ట్ సింబల్ పై గదికి చేరింది కాబట్టి 0011 భాషలో ఉంది. ఈ ఫార్మ్‌లో n పొడవు స్ట్రింగ్‌కు డెరివేషన్ సరిగ్గా 2n−1 మెట్లు, ఇక్కడ 7.

యాక్, బైసన్ లాంటి పార్సర్ జనరేటర్లకు (గ్రామర్ ఇస్తే పార్సర్ తయారుచేసే ప్రోగ్రామ్‌లకు) గ్రామర్ ఇచ్చినప్పుడు "షిఫ్ట్/రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్" అని వస్తే దాటేయకండి. తర్వాతి టోకెన్ చదవాలో (షిఫ్ట్), చదివినవాటిని రూల్ ప్రకారం ఒక పేరుగా కుదించాలో (రెడ్యూస్) యంత్రానికి తేలలేదని దాని అర్థం. ఇఫ్ లోపల ఇఫ్ ఉండి ఎల్స్ ఒకటే ఉన్నప్పుడు వచ్చేది అందరికీ తెలిసిన ఉదాహరణ. బైసన్ షిఫ్ట్ ఎంచుకుంటుంది, దాంతో ఎల్స్ దగ్గరున్న ఇఫ్‌కు చేరుతుంది, సీ భాష నియమమూ అదే కాబట్టి ఇబ్బంది లేదు. అయితే కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందంటే గ్రామర్ ఆంబిగ్యుయస్ అని తీర్మానించొద్దు. సరి పొడవు పాలిండ్రోమ్‌ల (ఎటునుంచి చదివినా ఒకటే అయ్యే స్ట్రింగ్‌ల) గ్రామర్ చూడండి:

అద్దం → 0 అద్దం 0 | 1 అద్దం 1 | ఖాళీ

ప్రతి స్ట్రింగుకూ ఒకే ట్రీ. అయినా ఎడమనుంచి చదివే యంత్రానికి సగం ఎక్కడొచ్చిందో తెలియదు, ముందుకు ఎన్ని టోకెన్లు చూసే వీలిచ్చినా కాన్‌ఫ్లిక్ట్ పోదు. ఈ భాషకు గ్రామర్‌ని ఎన్ని రకాలుగా తిరగరాసినా డిటర్మినిస్టిక్ పార్సర్, అంటే ప్రతి మెట్టులోనూ ఒకే దారి పట్టే పార్సర్, దొరకదు. సాధ్యమైన దారులన్నీ వెంట చూసే పద్ధతికి, అంటే బైసన్‌లో ఉన్న జీఎల్ఆర్ మోడ్‌కో, ఎర్లీ పార్సర్‌కో మారాలి.